టెట్ తెలుగులో అపరిచిత పద్యం, అలంకారాలు: నిర్వచనాలు వచ్చినా జవాబులు తప్పుతున్నాయి, ఎలా చదవాలి?

ప్రశ్న: ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) అభ్యర్థిని, పార్వతీపురం

గురువులకు, తోటి అభ్యర్థులకు నమస్కారం. నేను టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మొదటి పేపరుకు సిద్ధమవుతున్నాను. తెలుగుకు ఉన్న 30 మార్కుల్లో బోధన పద్ధతుల ప్రశ్నలు ఇబ్బంది పెట్టడం లేదు. అలంకారాల లక్షణాలు అడిగినా తడుముకోకుండా చెప్పగలను. అయితే పుస్తకంలో లేని కొత్త వాక్యం ఇచ్చి ఇందులోని అలంకారం ఏదని అడిగినప్పుడు మాత్రం రెండు ఐచ్ఛికాల మధ్య ఆగిపోతున్నాను. ముఖ్యంగా ఛేకానుప్రాసకూ యమకానికీ, దృష్టాంతానికీ అర్థాంతరన్యాసానికీ తేడా పట్టుకోలేకపోతున్నాను.

అపరిచిత పద్యం దగ్గర నా సమస్య వేరు. చదువుతున్నప్పుడు పద్యం అర్థమైనట్టే ఉంటుంది కానీ, ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. 150 ప్రశ్నలకు రెండున్నర గంటలే కనుక పద్యాన్ని పదేపదే చదివే వ్యవధి ఉండదు. ఇంకా ఎక్కువ బిట్లు సాధన చేయడమే మార్గమా, లేక నేను చదివే పద్ధతిలోనే ఏదైనా మార్చుకోవాలా? ప్రశ్నలు ముందు చదవడం మంచిదా, పద్యం ముందు చదవడం మంచిదా? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: తెలుగు పండితుడు, ఉన్నత పాఠశాల, నల్గొండ

అమ్మా, బిట్ల సంఖ్య పెంచడం కంటే ముందు మీరు అన్వయం మీద దృష్టి పెట్టండి. పద్యంలో పదాలు ఛందస్సు కోసం స్థానాలు మారి ఉంటాయి. వాటిని మనం మాట్లాడే వాక్యం వరుసలోకి తెచ్చుకోకుండా ప్రశ్నల్లోకి వెళితే, పద్యంలో కనిపించిన ఏ మాట ఐచ్ఛికంలో ఉన్నా అదే జవాబని అనిపిస్తుంది. మనందరికీ తెలిసిన సుమతీ పద్యాన్నే కొత్తగా చూస్తున్నట్టు చదవండి.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ!

మొదట క్రియను, లేదా వాక్యం ముగిసే మాటను వెతకండి. "గాదు" అనే మాట దగ్గర ఒక వాక్యం, "నేర్పరి" అనే మాట దగ్గర రెండో వాక్యం ముగుస్తున్నాయి. అంటే వివరించి చూస్తే ఉపకారికి ఉపకారం చేయడం విశేషమేమీ కాదు, నెపం ఎన్నకుండా అపకారికి ఉపకారం చేసేవాడే నేర్పరి అని తేలుతుంది. ఈ రెండు వాక్యాలూ మనసులో స్థిరపడ్డాక ప్రశ్నలకు వెళ్లండి. నేర్పరి ఎవరని అడిగి, ఉపకారికి ఉపకారం చేసేవాడు, అపకారికి బుద్ధి చెప్పేవాడు, తప్పు ఎంచకుండా అపకారికి మేలు చేసేవాడు, అందరినీ సమానంగా చూసేవాడు అని నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారనుకుందాం. మొదటిది పద్యంలోని మాటలతోనే ఉంది, కానీ కవి దాన్ని గొప్ప కాదని పక్కన పెట్టాడు. నాలుగోది లోకంలో మంచి మాటే, కానీ ఈ పద్యంలో లేదు. తెలివైన అభ్యర్థులు ఎక్కువగా చిక్కుకునేది ఈ నాలుగో రకం దగ్గరేనని నా అనుభవం, ఎందుకంటే పద్యం చెప్పని మంచిని వారు తమ సంస్కారంతో పూరించుకుంటారు. మంచి మాట అయినా కవి అనలేదు కనుక అది జవాబు కాదు.

పదాల అర్థాన్ని కూడా పద్యంలోనే వెతకాలి. నెపం అంటే సాకు అని నేటి వాడుక, ఇక్కడ మాత్రం తప్పు అనే అర్థమే పొసగుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు నేటి అర్థాన్ని తప్పకుండా ఒక ఐచ్ఛికంగా పెడతారు.

వ్యాకరణ ప్రశ్నలు కూడా ఇదే పద్యం మీద రావచ్చు. విపరీతము గాదు అన్నచోట గసడదవాదేశం (కాదు అనేది గాదు అయింది), నెపమెన్నక అన్నచోట ఉకార సంధి (నెపము + ఎన్నక) ఉన్నాయి. అన్వయం కోసం పదాలు విడదీసినప్పుడే ఇవి కనిపిస్తాయి కనుక సంధులకు విడిగా సమయం కేటాయించనక్కరలేదు.

జవాబు 2: టెట్ అర్హత పొందిన అభ్యర్థి, ఖమ్మం

పండితులవారు పద్యం గురించి చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గద్యానికి మాత్రం నా పద్ధతి కొంచెం వేరు. ఐచ్ఛికాలను చూడకుండా ప్రశ్నలను మాత్రమే ఒకసారి చదివి ఆ తరువాత గద్యంలోకి వెళతాను. ఐచ్ఛికాలను కూడా ముందే చదివితే వాటిలోని తప్పుడు సమాచారం మనసులో నిలిచిపోయి, గద్యంలో లేనిది ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. పద్యానికి ఈ పద్ధతి అంతగా పనిచేయదు, పద్యం ముందు చదవడమే మేలు.

శీర్షిక అడిగినప్పుడు గద్యంలో ఒక్క పేరాకు మాత్రమే సరిపోయే శీర్షికను, గద్యం పరిధి దాటిపోయే శీర్షికను ముందుగా తొలగించండి. గద్యం చెరువుల పూడికతీత గురించి అయితే, నీటి ప్రాముఖ్యం అనేది మరీ విశాలం, తూము మరమ్మతు అనేది మరీ ఇరుకు. ప్రశ్నలో "కానిది", "లేనిది" అనే మాటలు ఉన్నాయేమో చూసుకోండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్ననూ వదిలిపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సుమతీ పద్యాన్ని చిన్నప్పటి నుంచీ వల్లెవేసినా, మొదటి రెండు పాదాలు ఉపకారికి ఉపకారం చేయమని చెబుతున్నాయనే అనుకుంటూ వచ్చాను. అలంకారాల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? వలె, లాగా ఉంటే ఉపమ, అన్నట్లు ఉంటే ఉత్ప్రేక్ష అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు 3: తెలుగు అధ్యాపకురాలు, గుంటూరు

సరిపోదండి. ఆ మాటలు దారి చూపుతాయి, కానీ జవాబు తేల్చవు. "నిన్నటిలాగా ఈరోజూ వాన కురిసింది" అన్న వాక్యంలో లాగా ఉంది, ఉపమ లేదు. ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమాన ధర్మం (రెండింటికీ ఉన్న పోలిక), ఉపమావాచకం (వలె, లాగా వంటి మాట) అనే నాలుగింటినీ వెతకండి. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. పోల్చదగిన రెండు వేర్వేరు వస్తువులే లేనప్పుడు వాచకం ఉన్నా ప్రయోజనం లేదు.

ఒకే వస్తువును వేర్వేరు అలంకారాల్లో మీరే చెప్పి చూడండి. ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. "గోపురం కొండ శిఖరం వలె ఎత్తుగా ఉంది" అంటే ఉపమ. "ఆకాశాన్ని అందుకోవడానికి భూమి చాచిన చెయ్యేమో అన్నట్లుంది గోపురం" అంటే ఉత్ప్రేక్ష. "గోపురం ఆకాశాన్ని తాకుతోంది" అంటే అతిశయోక్తి. ఉన్నదాన్ని మరొకదానితో పోల్చామా, మరొకటిగా ఊహించామా, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పామా అన్నదే తేడా. ఇలా మీ వాక్యాలు మీరే రాసుకుంటే పరీక్షలో కొత్త వాక్యం వచ్చినా బెదరరు.

ఇక మీరు అడిగిన జంటలు. దృష్టాంతంలో రెండు వాక్యాలూ రెండు విశేషాలను (ఒక్కొక్కరికే చెందిన విషయాలను) చెబుతాయి, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. "ఓ రాజా! నీవే కీర్తిమంతుడవు, చంద్రుడే కాంతిమంతుడు" అన్నప్పుడు రాజూ ఒకడే, చంద్రుడూ ఒకడే. అర్థాంతరన్యాసంలో ఒక విశేషాన్ని లోకమంతటికీ వర్తించే సామాన్యంతో సమర్థిస్తారు, లేదా సామాన్యాన్ని విశేషంతో సమర్థిస్తారు. "హనుమంతుడు సముద్రాన్ని లంఘించాడు, మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా!" అన్న వాక్యంలో రెండో భాగం ఒక్క హనుమంతుడి గురించి కాదు. రెండు వాక్యాల్లో ఒకటి అందరికీ వర్తిస్తుందా అని అడగండి. వర్తిస్తే, వాటిలో ఒకటి మరొకదాన్ని సమర్థిస్తూ ఉంటే, అర్థాంతరన్యాసమే.

శబ్దాలంకారాల్లో రెండు విషయాలు చూడాలి: శబ్దం వెంటనే తిరిగి వచ్చిందా, అర్థం మారిందా. "నీకు వంద వందనాలు" అన్నచోట హల్లుల జంట ఎడం లేకుండా అర్థభేదంతో వచ్చింది కనుక ఛేకానుప్రాస. "ఆ తోరణం శత్రువులతో రణానికి కారణమైంది" అన్నచోట అదే అక్షరాల గుంపు ఎడంగా, వేరే అర్థంతో వచ్చింది కనుక యమకం. "చిత్తశుద్ధితో చేసెడి సేవ సేవ" అన్నదాన్ని చూసి, పక్కపక్కనే ఉంది కదా అని ఛేకం అనుకునేవారు చాలామంది ఉన్నారు. అక్కడ అర్థం మారలేదు, తాత్పర్యం మాత్రమే మారింది, రెండోసారి వచ్చిన సేవకు నిజమైన సేవ అని భావం. అది లాటానుప్రాస.

జవాబు 4: కేంద్ర టెట్ అభ్యర్థి, బెంగళూరు

ఇతర రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారి కోసం ఒక మాట. సీటెట్‌లో తెలుగును మొదటి భాషగా ఎంచుకుంటే 30 మార్కుల్లో 15 అవగాహనకు, 15 భాషా బోధనకు ఉంటాయి. అవగాహన కోసం ఒక గద్యభాగం, ఒక కవితాభాగం ఇస్తారు. అక్కడ అలంకారాల పేర్ల కంటే కవి భావాన్ని గ్రహించడమే ప్రధానం కనుక మొదటి జవాబులోని అన్వయ పద్ధతి మాకూ అంతే అవసరం.

జవాబు 5: తెలుగు పండితుడు, నల్గొండ

అధ్యాపకురాలి గారి వివరణ చాలా బాగుంది. ఛందస్సు మిగిలింది కనుక అది కూడా చెబుతాను. వృత్తపద్యమని తెలిశాక పాదాన్నంతా గణవిభజన చేయనక్కరలేదు, మొదటి మూడక్షరాలు చాలు. తరచుగా అడిగే నాలుగింటిలో మూడూ గురువులైతే (రెండు మాత్రల కాలం పలికే అక్షరాలు) శార్దూలం, రెండు లఘువులు (ఒక మాత్ర కాలం పలికేవి) ఒక గురువు అయితే మత్తేభం, గురువు తరువాత రెండు లఘువులుంటే ఉత్పలమాల, మూడూ లఘువులే అయితే చంపకమాల. మూడో అక్షరం తరువాత సంయుక్తాక్షరం ఉందేమో తప్పక చూడండి, ఉంటే ఆ మూడోది గురువవుతుంది. కందాన్ని దాని పాదాల కొలతే పట్టిస్తుంది. పైన రాసిన సుమతీ పద్యంలో ఒకటి, మూడు పాదాలు చిన్నవి, రెండు, నాలుగు పాదాలు పెద్దవి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం పకారమే, అది ప్రాస. మొదటి పాదం లఘువుతో మొదలైంది కనుక మిగిలిన మూడూ లఘువుతోనే మొదలయ్యాయి. రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండాలి, వివరింపంగా, సుమతీ అన్నచోట్ల దీర్ఘం అందుకే ఉంది.