అప్‌డేట్: బెట్టకు వచ్చిన పొగాకుకు తడి ఇచ్చాం

కందుకూరు దగ్గర మా తేలిక నేలలో వర్జీనియా పొగాకు బెట్టకు వచ్చి, ఆకు చిన్నగా, దళసరిగా ఉంటోంది, తడి ఇవ్వాలా అని మొన్న అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించాం. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు పెడితే ఆకు సరిగా కాలదు, ధర పడిపోతుంది. ఆ టెన్షన్ తీరాక తేలికపాటి తడి ఒకటి ఇచ్చాం. పై ఆకులు బాగా విప్పారాయి. అడుగు ఆకుల్లో మార్పు లేదు.

నికోటిన్ తయారయ్యేది వేళ్లలో, అక్కడి నుంచే ఆకుకు చేరుతుంది. బెట్టలో ఆకు విస్తరించదు కాబట్టి నికోటిన్ శాతం పెరిగి, చక్కెరలు తగ్గుతాయి. నీళ్లు ఎక్కువైతే నత్రజని వేళ్లకు అందకుండా కిందికి దిగిపోయి, ఆకు పలచబడి, నికోటిన్ తగ్గుతుంది. నల్లరేగడి రైతులు మరీ జాగ్రత్త: నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందక మొక్క వడలిపోతుంది.

తడితో పాటు యూరియా కూడా వేయమన్నారు కొందరు. వేయలేదు. ఆలస్యంగా నత్రజని అందితే ఆకు పచ్చగానే ఉండిపోయి, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గదిలో) మంచి రంగు రాదు.