అప్‌డేట్: మా మురుగు కాలువ గోడు అసెంబ్లీకి చేరింది

కోనసీమలో మా ఊరి డ్రెయిన్ పూడిపోయి, గుర్రపుడెక్క పట్టి, సార్వా (ఖరీఫ్) వరి చేలు మునుగుతున్నాయని, ఎమ్మెల్యే గారితో అసెంబ్లీలో ఎలా అడిగించాలని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే నోటిమాటతో వదలకుండా, సర్వే నంబర్లు, మునిగిన చేల ఫొటోలతో అర్జీ రాసి ఇచ్చాం.

ఆయన జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర సమస్యలు ప్రస్తావించే సమయంలో, మాట్లాడారు. 2011లో ఇక్కడి రైతులు క్రాప్ హాలిడే (పంట వేయకుండా ఆపేయడం) ప్రకటించిన సంగతి గుర్తుచేశారు. మంత్రి గారు పరిశీలిస్తామన్నారు, అంతే. అందుకే నక్షత్రం గుర్తు ప్రశ్న కూడా వేయమని అడిగాం. దానికైతే సభలో మంత్రి సమాధానం చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ అడగొచ్చు.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది, ఎమ్మెల్యే గారు కౌలు రైతుల సంగతి కూడా ఎత్తడం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకి సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. చాలామంది పెట్టరు. చేను మునిగితే నష్టం కౌలుదారుది, పరిహారం మాత్రం పట్టా ఉన్నవారికి. ఇది ఘోరమైన అన్యాయం. ఆయన దీన్నీ గట్టిగానే అడిగారు.

పూడిక తీయాల్సింది వేసవిలో, కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడే. ఈలోగా పని ఖర్చు అంచనాలు మంజూరు కావాలని ఇరిగేషన్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. సలహా ఇచ్చిన అందరికీ దండాలండీ.