హోతా నాట్యానికి ఆ పేరెలా వచ్చింది? కవి పేరా, గెంతడం అనే మాటా?

ఎబ్రో ఒడ్డు: చదువు కోసం స్పెయిన్‌లోని జరగోజాలో ఉంటున్నాను. అక్టోబరు 12న ఇక్కడ పిలార్ మాత పండుగ. ఎక్కడ చూసినా హోతా నాట్యమే. తాళ్ల అడుగు చెప్పులు, తలకు చుట్టిన రుమాలు, వేళ్లకు తగిలించుకున్న చెక్క చిడతలు. ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా మోకాళ్లు పైకి లేపి ఎగురుతారు. ఆ పేరు గురించి మా ఇంటి ఓనరమ్మ ఒక కథ చెప్పారు. 12వ శతాబ్దంలో అబెన్ హోత్ అనే ముస్లిం కవిని వలెన్సియా నుంచి వెళ్లగొడితే, కలాతాయూద్ అనే ఊరు చేరి ఈ పాట కట్టాడట. నిఘంటువులో చూస్తే లాటిన్‌లో గెంతడం అనే మాట నుంచి వచ్చిందని ఉంది. ఏది నమ్మాలి?

గోదారిగాలి: నేను ఓనరమ్మ పక్షమే. కలాతాయూద్ అన్న పేరే అరబీ మాట, అయ్యూబ్ కోట అని అర్థం. అలాంటి ఊళ్లో ఒక ముస్లిం కవి ఉండడంలో వింతేముంది? తరతరాలుగా జనం చెప్పుకుంటున్నదాన్ని పుస్తకంలో లేదని కొట్టిపారేస్తే ఎలా? కూచిపూడికి ఊరి పేరు వచ్చినప్పుడు దీనికి మనిషి పేరు రాకూడదా?

మాటలమూట: గోదారిగాలి గారూ, జనం మాటంటే నాకూ గౌరవమే. కానీ కూచిపూడి ఊరు ఇవాళ్టికీ కృష్ణా జిల్లాలో ఉంది, వెళ్లి చూడొచ్చు. ఈ కవి ఉన్నాడనడానికి నమ్మదగిన ఆధారం ఏదీ లేదు. పాట కూడా ఒప్పుకోదు. హోతా మేజర్ అనే పాశ్చాత్య స్వర వరసలో, రెండే రెండు ముఖ్యమైన కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మధ్య ఊగుతుంది. అది గిటార్ కాలపు పద్ధతి, 12వ శతాబ్దపుది కాదు.

ఇక మాట సంగతి. లాటిన్‌లో 'సాల్తారె' అంటే గెంతడం, ఆడడం. స్పానిష్‌లో హల్లుకు ముందున్న 'అల్' చాలా మాటల్లో 'ఔ' అయి, చివరికి 'ఓ'గా నిలిచింది. 'ఆల్తెర్' (వేరొకటి) 'ఓత్రో' అయినట్టే 'సాల్తారె' 'సోతార్' అయింది. ఇది ఊహ కాదు. 14వ శతాబ్దపు స్పానిష్ కావ్యం 'లిబ్రో దె బువెన్ అమోర్'లో ఒక పాత్ర తాను ఏ పాటకైనా 'సోతార్' చేయగలనని గొప్ప చెప్పుకుంటుంది.

ఎబ్రో ఒడ్డు: సోతార్ సరే అండీ, మరి మొదట్లో 'హ' ఎక్కడిది?

మాటలమూట: అసలు కిటుకు అక్కడే ఉంది. మాట మొదటి 'స' కొన్నిచోట్ల 'ష' అయింది. సబ్బునే చూడండి. లాటిన్ 'సాపోనె' పాత స్పానిష్‌లో 'షాబోన్', ఇప్పుడు 'హబోన్'. మన సబ్బు కూడా ఆ కుటుంబపు మాటే. 16, 17 శతాబ్దాల్లో ఈ 'ష' గొంతులోకి జారి 'హ' అయింది. అంటే హోతా ఒకప్పుడు 'షోతా'. ఆ 'ష'ను ఎక్స్ అక్షరంతో రాసేవాళ్లు, 1815 స్పెల్లింగ్ సంస్కరణతో అలాంటి మాటలు జె అక్షరానికి (స్పానిష్‌లో దాన్ని 'హ' అని పలుకుతారు) మారాయి. ఇప్పుడు ఆ కవి పేరు చూడండి. ఇవాళ మనం పలికే 'హోత్'కు అచ్చంగా సరిపోతోంది. అప్పట్లో ఆ మాటకు 'హ' లేనే లేదు! పేరును బట్టి కవిని కల్పించారనే నాకు అనిపిస్తోంది.

మొరాకోలో మూడేళ్లు: మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఇక్కడి వాడుక అరబీలో ఆడడాన్ని 'ష్టెహ్' అంటారు. 'షోతా' పక్కన పెట్టి చూడండి. కవి కథ పోతే పోనీండి, అరబీ పాత్రను మాత్రం అంత తేలిగ్గా తీసేయకండి.

మాటలమూట: మంచి మాట చెప్పారు. 'స' కాస్తా 'ష' కావడంలో అరబీ మాట్లాడేవాళ్ల నోటి ప్రభావం ఉందని నేనూ ఒప్పుకుంటాను. స్పానిష్ అకాడమీ నిఘంటువు కూడా ఈ మాటను ఒకప్పుడు స్పెయిన్‌లో ముస్లిం పాలనలో ఉన్న క్రైస్తవులు మాట్లాడిన, లాటిన్ నుంచి పుట్టిన భాష నుంచే తెస్తుంది. కానీ వేరు 'సాల్తారె'నే. 'ష్టెహ్'లోని చివరి 'హ' ఏమైందో, మధ్యలోకి 'ఓ' ఎలా వచ్చిందో చెప్పగలిగితే నా మాట వెనక్కి తీసుకుంటా.

గోదారిగాలి: కవి విషయంలో నా పట్టు సడలింది, ఒప్పుకుంటున్నా. ఒక్కటి మాత్రం నచ్చింది. మన చిందు కూడా ఇంతే కదా! ఎగరడమూ చిందే, ఆటా చిందే. తెలంగాణలో చిందు భాగోతం పేరు కూడా ఆ మాటతోనే ఉంది.

ఎబ్రో ఒడ్డు: నిన్న ఓనరమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. కానీ 'సోతార్' అన్న మాట రెండుసార్లు అడిగి, కాగితం మీద రాయించుకున్నారు.