మంచు పడే చోట వాటర్ హీటర్ మార్చాలి: మళ్లీ ట్యాంకేనా, ట్యాంక్‌లెస్‌కి వెళ్లాలా?

నీటిబొట్టు (ప్రశ్న):
బేస్‌మెంట్‌లో 190 లీటర్ల గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, 14 ఏళ్లయింది. బర్నర్ మూత దగ్గర తుప్పు రేకులు రాలుతున్నాయి, కింద నేల చెమ్మగా ఉంటోంది. దీని పొగ ఇటుక చిమ్నీలోంచి పోతుంది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ కూడా మొదట్లో అదే చిమ్నీకి ఉండేది. ఫర్నేస్ మార్చాక కొత్తదానికి ప్లాస్టిక్ పైపు వేసి పక్క గోడలోంచి బయటికి పెట్టారు. నడి చలికాలంలో బయట మైనస్ 20, కుళాయి నీళ్లు 4 డిగ్రీలు. నలుగురం, రెండు షవర్లు. నీళ్లు నిల్వ ఉంచకుండా వాడేటప్పుడే వేడిచేసే ట్యాంక్‌లెస్ పెడితే నీళ్లు ఎప్పటికీ అయిపోవని అందరూ అంటున్నారు. చలి ప్రాంతంలో కూడా అంతేనా? పాతదాని చోట అలాంటిదే పెట్టేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా?

లెక్కలమనిషి:
అయిపోవు, నిజమే. కాకపోతే సన్నగా వస్తాయి. ట్యాంక్‌లెస్ పెట్టె మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని వేసే పెద్ద అంకె, నీటిని ఓ 20 డిగ్రీలు పెంచితే వచ్చేది. మీకు 4 నుంచి 41కి, అంటే 37 డిగ్రీలు పెంచాలి. నిమిషానికి ఒక లీటరును అంత పెంచడానికి సుమారు 2.6 కిలోవాట్లు కావాలి. షవర్‌కి 8 లీటర్లు అనుకుంటే ఒక్కోదానికి 21 కిలోవాట్లు. రెండు షవర్లూ, వంటింటి కుళాయీ కలిసి 22 లీటర్లయితే 57 కిలోవాట్లు. ఇళ్లకు దొరికే పెద్ద గ్యాస్ మోడళ్లు మంట దగ్గర 58 కిలోవాట్లు తీసుకుంటాయి, నీటికి చేరేది 55. అంటే అంచున ఉన్నారు. అదే మెషిన్ 16 డిగ్రీల నీళ్లొచ్చే వేసవిలో నిమిషానికి 31 లీటర్లిస్తుంది. అందుకే వేసవిలో బిగించుకున్నవాళ్లకు లోపం డిసెంబరుదాకా తెలియదు.

పైగా ఇప్పటి హీటర్ 12 కిలోవాట్లదయితే, దానికి వేసిన గ్యాస్ పైపు 58 కిలోవాట్లకు చాలదు. మీటర్ నుంచి లావు పైపు వేయాల్సి రావచ్చు. కొటేషన్‌లో ముందు చూడాల్సింది ఇదే.

కరెంటుతో నడిచే ట్యాంక్‌లెస్ గురించైతే ఆలోచించకండి. ఒక్క షవర్‌కే 21 కిలోవాట్లు, అంటే 240 వోల్టుల మీద దాదాపు 90 ఆంపియర్లు.

ట్యాంకు విషయంలో చలి ఇంకోలా దెబ్బ తీస్తుంది. 55 డిగ్రీల నీటికి 4 డిగ్రీల నీళ్లు కలిపి 41 చేయాలంటే షవర్ నీళ్లలో 73 శాతం వేడివే ఉండాలి. చన్నీళ్లు 16 డిగ్రీలుంటే 64 శాతం చాలు. దీనికి పెద్ద ట్యాంకు కొనక్కర్లేదు. ట్యాంకును 60 దగ్గర ఉంచి, బయటికొచ్చే చోట చన్నీళ్లు తగినంత కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి 49కి తగ్గించండి. వేడివాటా 66 శాతానికి దిగుతుంది, న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా ట్యాంకులో పెరిగే భయమూ ఉండదు. మిక్సింగ్ వాల్వు లేకుండా మాత్రం 60 పెట్టొద్దు. ఆ వేడికి చర్మం కొన్ని సెకన్లలోనే కాలుతుంది.

చిమ్నీచూపు:
ట్యాంకా, ట్యాంక్‌లెస్సా అన్నది తర్వాత. ముందు చిమ్నీ సంగతి తేల్చండి. ఇన్నాళ్లూ ఫర్నేస్ పొగే ఆ ఇటుకలను వెచ్చగా ఉంచింది. ఇప్పుడు అంత పెద్ద గొట్టంలో చిన్న హీటర్ ఒక్కటే మిగిలింది. మైనస్ 20లో దాని పొగ పైకి చేరేలోపే చల్లబడి, అందులోని ఆవిరి నీరై గోడల వెంట కారుతుంది. ఆ నీళ్లకు ఆమ్ల గుణం ఉంటుంది, ఇటుకల మధ్య సున్నాన్ని తినేస్తుంది. బయట ఇటుకల మీద తెల్లటి మరకలు, హీటర్ నెత్తిన గొడుగులాంటి డ్రాఫ్ట్ హుడ్ చుట్టూ తుప్పు కనిపిస్తే అదే జరుగుతోందని అర్థం. మీ తుప్పు రేకుల్లో కొన్ని అక్కడినుంచి రాలినవే కావచ్చు.

ఇంకా ప్రమాదం, పొగ వెనక్కి తన్నడం. తలుపులూ కిటికీలూ మూసి, బాత్రూమ్, వంటింటి ఫ్యాన్లన్నీ వేసి, హీటర్ వెలిగించండి. ఐదు నిమిషాలయ్యాక డ్రాఫ్ట్ హుడ్ అంచు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగితే సరే. గదిలోకి వస్తే వెంటనే హీటర్ ఆపేయండి, కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తున్నట్టే. మనుషులు పడుకునే అంతస్తులో అలారం ఎలాగూ ఉండాలి.

అలాంటి హీటరే మళ్లీ పెడితే చిమ్నీలోకి హీటర్ సైజుకు తగిన లోహపు లైనర్ (లోపలి గొట్టం) దించాలి. లేదంటే ఫ్యాన్‌తో పొగను పక్క గోడలోంచి తోసే పవర్ వెంట్ రకం తీసుకోండి. ఆ గొట్టం బయటి మూతి, మీ దగ్గర పేరుకునే మంచు మట్టం కంటే కనీసం 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. కిటికీలకూ, గాలి లోపలికి తీసుకునే గొట్టాలకూ దూరంగా ఉండాలి. పవర్ వెంట్‌తో ఒక చిక్కుంది. కరెంటు పోతే వేడినీళ్లూ పోతాయి. ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఉండే మామూలు రకానికి కరెంటుతో పనిలేదు. మంచు తుపానులో తీగలు తెగే చోట నా ఓటు లైనర్‌కే.

పైపురెంచి:
బిగించే పని గురించి చెప్తాను. గ్యాస్, పొగగొట్టం లైసెన్సున్నవాళ్లకు వదిలేయండి, పర్మిట్ తీసుకోండి. కొనేముందు మెట్ల దారి, తలుపు వెడల్పు కొలవండి. కొత్త ట్యాంకులకు ఇన్సులేషన్ మందం ఎక్కువ, అదే 190 లీటర్లయినా పాతదానికంటే లావు, ఎత్తు. ఎత్తు పెరిగితే చిమ్నీ రంధ్రం దాకా గొట్టానికి వాలు చాలదు. మీటరుకు కనీసం 2 సెంటీమీటర్లు పైకి ఎక్కాలి.

పాతది ఖాళీ చేసేముందు గ్యాస్ ఆపి, చల్లబడేదాకా వేడి కుళాయి వదిలేయండి. హోస్ బేస్‌మెంట్ నేలలోని కాలువకే పెట్టండి. బయటికి వేస్తే హోస్ గడ్డకడుతుంది, మెట్ల మీద మంచు పలక తయారవుతుంది. కింది వాల్వు సున్నపు మడ్డితో మూసుకుపోతే, చన్నీళ్ల వాల్వు ఒకట్రెండు సెకన్లు తెరిచి మూస్తూ ఉండండి, ఆ తోపుకి కదులుతుంది.

రాగి పైపు సోల్డర్ చేస్తే ట్యాంకుకు దూరంగా చేసుకుని, తర్వాత తెచ్చి బిగించండి. ట్యాంకు మీద పైపు బిగించే పొట్టి గొట్టం (నిపుల్) లోపల ప్లాస్టిక్ పొర, కింద చన్నీళ్లను అడుక్కి తీసుకెళ్లే డిప్ ట్యూబు ఉంటాయి. టార్చ్ వేడికి కరిగిపోతాయి. డిప్ ట్యూబు పాడైతే చన్నీళ్లు అడుక్కి పోకుండా పైనే కలిసి, కొత్త హీటర్ కూడా గోరువెచ్చగా ఇస్తుంది.

సేఫ్టీ వాల్వు 150 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గరగానీ 99 డిగ్రీల దగ్గరగానీ తెరుచుకుంటుంది. దాని గొట్టం ¾ అంగుళానికి తగ్గకూడదు, దారిలో వాల్వు ఉండకూడదు, చివర మరలు ఉండకూడదు, నేలకు 15 సెంటీమీటర్లలోపు ఆగాలి. చలి ప్రాంతంలో దాన్ని బయటి గోడలోంచి తీయొద్దు. చివర మంచు బిరడా పడితే ట్యాంకుకు ఊపిరి తీసుకునే దారే ఉండదు.

నీటిబొట్టు:
అందరికీ ధన్యవాదాలు. మీటర్ దగ్గర ప్రెషర్ తగ్గించే వాల్వు ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? హీట్ పంప్ రకం కూడా కొందరు చెప్పారు.

పైపురెంచి:
ఉంది. ఆ వాల్వు వేడెక్కి వ్యాకోచించిన నీటిని వెనక్కి పోనివ్వకపోవచ్చు. 190 లీటర్లు 4 నుంచి 60కి వేడెక్కితే 3 లీటర్లకు పైగా పెరుగుతాయి. పెరిగిన ఆ నీటికి చోటిచ్చే, లోపల గాలి ఉండే 8 లీటర్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చన్నీళ్ల పైపు మీద పెట్టండి. బిగించేముందు సైకిల్ పంపుతో దాని గాలిని ఇంటి నీటి ప్రెషర్‌కి సమానం చేయండి. ఇది లేకపోతే వేడెక్కిన ప్రతిసారీ సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తుంది. దానికి బిరడా కొట్టేవాళ్లున్నారు, అంత తప్పు పని మరొకటి లేదు.

లెక్కలమనిషి:
హీట్ పంప్ తన చుట్టూ ఉన్న గాలిలోంచే వేడి లాగుతుంది. సుమారు 20 ఘనపు మీటర్ల గాలి కావాలి, కారే నీటికి కాలువ కావాలి. చలికాలంలో ఆ వేడి మీ ఫర్నేస్ ఇచ్చిందే. బేస్‌మెంట్ ఏడాదంతా 10 డిగ్రీలు దాటి ఉంటే ఆలోచించండి. వేడిచేయని గ్యారేజీ అయితే వద్దు. గాలి బాగా చల్లబడితే చాలా మోడళ్లు మామూలు హీటర్ కాయిల్‌కి మారిపోతాయి, ఆదా మాట అక్కడితో సరి.

పైపురెంచి:
ఒకటి చెప్పడం మరిచాను. పాతది తీసే రోజు ¾ అంగుళం మూతలు రెండు దగ్గర పెట్టుకోండి. ఏ భాగమో దొరక్క పని ఆగితే, వేడి, చన్నీళ్ల పైపుల చివర్లు మూసి మెయిన్ వాల్వు తెరవొచ్చు. బయటి గోడల్లో పైపులుంటే ఆ రాత్రి వాటి చన్నీళ్ల కుళాయిలు సన్నటి ధారగా వదలండి. ఆ గోడల్లో వేడినీళ్ల పైపు కూడా ఉంటే, మూతలకు బదులు రెండు చివర్లనూ ఒక ఫ్లెక్సిబుల్ హోస్‌తో కలిపేసి, వేడి కుళాయి కూడా సన్నగా వదిలితే అందులోనూ నీళ్లు కదులుతాయి.