మోకాలి డిక్టేషన్‌లో ఒక బర్సా పేరు అందడం లేదు

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తున్నాను. ఎముకల వైద్యుడి డిక్టేషన్‌లో 3:42 దగ్గర 'పెసాన్సరిన్ బర్సా' (బర్సా అంటే కీలు దగ్గర రాపిడి తగ్గించే చిన్న ద్రవపు సంచి) అన్నట్టు వినిపిస్తోంది. మొదటి అక్షరం 'పె'నో 'బె'నో రూఢిగా చెప్పలేను. ఒకే పదమో, రెండు కలిపి పలికారో కూడా అనుమానమే. ముందు వాక్యం మాత్రం స్పష్టం: మోకాలి లోపలి వైపు, కీలు రేఖకు కాస్త కింద వాపు, నొక్కితే నొప్పి. మెక్‌మర్రీ పరీక్ష (మోకాలిలోని మెనిస్కస్ మృదులాస్థి చిరిగిందేమో చూసేది) నెగటివ్.

వేగం 75 శాతానికి తగ్గించి విన్నాను. వైద్య నిఘంటువులో వెతికితే ప్రీపటెల్లార్, ఇన్‌ఫ్రాపటెల్లార్ దొరికాయి, కానీ అవి మోకాలి ముందు భాగానివి, ఇక్కడ పొసగవు. ఈ వైద్యుడి పాత రిపోర్టుల్లోనూ లేదు. రోగి రిపోర్టులో ఊహించి రాయలేను కదా, ప్రస్తుతానికి ఖాళీ వదిలాను.

సరిగ్గా ఆ చోట ఉండి, పలుకుబడి ఇలా వినిపించే బర్సా ఏది?