సమస్యాపూరణం: "అన్ని కూడి చూడ సున్న మిగిలె"

పృచ్ఛకుడు (బరంపురం): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పోలిక: అన్ని, సున్న) వేశాను. బీజగణితం వైపు మొగ్గితే సంతోషం, నిర్బంధం లేదు.

రాయగడ సభ్యులు:
జీత మందె నేఁడు చిల్లర కొట్టుకు
నద్దె యింటి కింత యప్పు కింత
పద్దు లెల్లఁ జూచి పైసలు లెక్కింప
నన్ని కూడి చూడ సున్న మిగిలె

పృచ్ఛకుడు: ధార హాయిగా ఉంది. అయితే ఖర్చులు తీసేస్తే సున్నా రావడంలో వింతేముంది? సమస్య బిగువంతా "కూడి"లోనే ఉంది.

గుణుపురం సభ్యులు:
ఒకటి నాల్గు నారు నొనరంగ నాల్గొక్క
మేరు వరుస నిలిపి మెల్ల మెల్ల
ధనము ఋణము మార్చి తడబాటు లేకుండ
నన్ని కూడి చూడ సున్న మిగిలె

పృచ్ఛకుడు: "మెల్ల మెల్ల" యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది. లెక్క మాత్రం పక్కా: 1−4+6−4+1. మేరువంటే పైనున్న రెండేసి అంకెలను కూడుతూ కొండలా పేర్చిన అంకెల త్రిభుజం, ఇది అందులో ఒక వరుస. గుర్తులు మార్చకపోతే మొత్తం 16. నాలుగక్షరాల పాదానికి గురులఘు ప్రస్తారం కూడా అంతే: అన్నీ గురువులైతే 1, ఒక లఘువుంటే 4, రెండుంటే 6, మూడుంటే 4, అన్నీ లఘువులైతే 1. పింగళుని ఛందస్సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ హలాయుధుడు 10వ శతాబ్దిలోనే ఈ మేరుప్రస్తారాన్ని వివరించాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు పాస్కల్ తన పేరుతో పిలిచే ఇదే త్రిభుజం గురించి రాసింది 1654లో. గణాలు లెక్కపెట్టేవాళ్ళ సొత్తిది, మనకు మొహమాటం అక్కరలేదు.

పర్లాకిమిడి సభ్యులు:
ఒకటి నుండి యొకటి యోర్పుగాఁ దీసిన
సున్న, ఘాత మెంత సున్నయె యగు
దాని విప్పి చూడఁ దగిన గుణకముల
నన్ని కూడి చూడ సున్న మిగిలె

పృచ్ఛకుడు: భేష్! (1−1)ని తనతో తానే గుణిస్తూ (అదే ఘాతం) విప్పితే, గుర్తులు మారే మేరు వరుసలే గుణకాలుగా వస్తాయి. ఒక్క వరుసకు కాదు, మేరువు మొత్తానికి సరిపోయే పూరణ. గిడుగు వారు వ్యావహారికం కోసం పోరాడిన ఊరి నుంచి ఇంత గ్రాంథికం రావడమే విడ్డూరం.

గుణుపురం: ఒకటిలోంచి ఒకటి తీయడానికి ఓర్పెందుకండీ? అదలా ఉంచి, "ఘాత మెంత" అన్నచోట చిక్కుంది. ద్విపద సిద్ధాంతంలో (ఇలా రెండు పదాల ఘాతాన్ని విప్పే సూత్రంలో) ఘాతం సున్నా అయితే విలువ ఒకటి. మేరు శిఖరాన ఉన్నది ఒంటరి ఒకటే కదా! "ఘాత మున్న" అనండి, గణం చెడదు.

పర్లాకిమిడి: మార్చను. నేనన్నది "గుణకముల నన్ని". శిఖరంలో ఉన్నది ఒకే గుణకం. ఒక్కదాన్ని ఎవరైనా "అన్ని" అంటారా, దేనితో కూడుతారు?

గుణుపురం: గుణకాలు మూడో పాదంలో గాని రాలేదు. సున్నా అని మీరు రెండో పాదంలోనే తీర్పు చెప్పేశారు. వకాలతు బాగుందండీ, లెక్క మాత్రం నిలవలేదు.