అప్‌డేట్: మా పిల్లికి ఇంట్లోనే సెలైన్

కిడ్నీ జబ్బున్న మా పదమూడేళ్ల పిల్లికి చర్మం కింద సెలైన్ ఇంట్లోనే ఎక్కించమన్నారని, సూది చూస్తేనే చేతులు వణుకుతున్నాయని మూడు వారాల కిందట అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.

మొదటి రోజు సూది చర్మంలోంచి అటువైపు బయటికొచ్చి బొచ్చంతా తడిసిపోయింది. ఏడుపొచ్చేసింది. ఇప్పుడు అమ్మ ఒళ్లో పెట్టుకుంటుంది, నేను భుజాల మధ్య చర్మం గుడారంలా పైకి లాగి గుచ్చుతాను. సన్న సూదే నయమనుకున్నాను కానీ చుక్కచుక్కగా దిగి అరగంట పట్టేది. డాక్టర్‌గారు కాస్త లావుండే 20 గేజ్ సూదికి మార్చాక ఐదారు నిమిషాలే. బ్యాగ్‌ని ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూస్తాం. చల్లగా ఎక్కితే పాపం ఒళ్లు జలదరించేది.

మాకు రాసింది రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రవం, రోజు విడిచి రోజు 100 మి.లీ. మీ పిల్లికి ఎంతో మీ డాక్టర్‌నే అడగండి. గుచ్చినచోట గడ్డలా ఉబ్బి, ముందు కాలిదాకా జారితే భయపడ్డాను. తెల్లారేసరికి ఇంకిపోయింది. ఊపిరి వేగంగా తీస్తే మాత్రం ఆపేసి వెంటనే తీసుకురమ్మన్నారు.

నిన్న తనంతట తానే గిన్నె దగ్గరికొచ్చి చేప తింది. శనివారం క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష) ఉంది.